గెస్టులు పడవలో ఉండగా ఏదైనా పాడైతే: చార్టర్ సెయిల్‌బోట్ నడిపేవాళ్ల కోసం

నేను బ్రిటిష్ వర్జిన్ ఐలాండ్స్‌లో చార్టర్ సెయిల్‌బోట్, అంటే గెస్టులు వారానికి అద్దెకి తీసుకునే తెరచాప పడవ, నడుపుతాను. కరీబియన్ సముద్రంలో ప్వెర్టో రికోకి తూర్పున ఉన్న చిన్న దీవులివి. 46 అడుగుల పడవ, ఒక్కటే డీజిల్ ఇంజన్, మూడు గెస్టు గదులు, రెండు టాయిలెట్లు. శనివారం మధ్యాహ్నం గెస్టులు ఎక్కుతారు, వచ్చే శనివారం పొద్దున దిగుతారు. డిసెంబరు సెలవుల్లో న్యూజెర్సీ, టెక్సాస్ వైపు నుంచి తెలుగు కుటుంబాలు కూడా వస్తుంటాయి. వాళ్లలో కొందరు తర్వాత సెయిలింగ్ నేర్చుకుని, ఈసారి బోటు మేమే నడుపుతాం, ఏం తెలిసి ఉండాలి అని అడుగుతారు. వాళ్ల కోసం, ఈ పనిలోకి రావాలనుకునే మన మర్చంట్ నేవీ కుర్రాళ్ల కోసం ఇది రాస్తున్నాను.

వారంలో ఏదో ఒకటి పాడవుతుంది. ఇది ముందే మనసులో పెట్టుకోండి. ఉప్పు నీళ్లు, ఎండ, ఆగని అదురు, వాటికి తోడు ప్రతి వారం కొత్తవాళ్లు తిప్పే పంపులు, స్విచ్‌లు. ఇంట్లో కుళాయి కారితే ప్లంబర్ వచ్చేదాకా బకెట్ పెట్టి ఊరుకుంటాం, ఇక్కడ ప్లంబర్ మీరే, ఎలక్ట్రీషియన్ మీరే, వంట మధ్యలో గ్యాస్ అయిపోతే సిలిండర్ మార్చేదీ మీరే, పైగా అదే సమయంలో ఆరుగురు మనుషులు మీ ముఖంలో ఏముందా అని చూస్తుంటారు.

నేను పాటించే వరస ఒకటే. మొదట పడవ ఎక్కడుందో, ఎటు కొట్టుకుపోతోందో చూసుకోవాలి. తర్వాత మనుషుల సంగతి. ఆ తర్వాతే పాడైన వస్తువు. వినడానికి తేలికే కానీ చెయ్యి తిరిగిన మెకానిక్‌కి ఇది అందరికంటే కష్టం. నేను ఓడల్లో ఇంజన్ రూమ్‌లో పనిచేసి వచ్చినవాణ్ని, అలారం వినబడితే కాళ్లు వాటంతటవే కిందికి పోతాయి. ఓడలో అది సరైన పనే, ఎందుకంటే పైన బ్రిడ్జి మీద దారి చూడడానికి ఇంకొకరుంటారు. ఇక్కడ నేను కిందికి దిగితే చుక్కాని దగ్గర ఎవరూ ఉండరు. ఈ ఒక్క అలవాటు మార్చుకోవడానికి నాకు ఒక సీజన్ పట్టింది.

శనివారం పొద్దున

గెస్టులు రాకముందు ఇంజన్ స్టార్ట్ చేసి, తాళ్లు గట్టిగా కట్టి ఉండగానే గేర్ వేసి, కనీసం 15 నిమిషాలు నడపండి. న్యూట్రల్‌లో రెండు నిమిషాలు తిప్పితే ఏమీ బయటపడదు. ఇంజన్‌ని చల్లబరిచే సముద్రపు నీళ్లు వెనక ఎగ్జాస్ట్ నుంచి ఎంత వస్తున్నాయో, ఏ చప్పుడుతో వస్తున్నాయో వినండి, ఆ చప్పుడు చెవికి ఎక్కాలి. ఆల్టర్నేటర్ బెల్టు చుట్టూ నల్లటి పొడి కనబడితే బెల్టు అరుగుతోందని అర్థం. డీజిల్ ఫిల్టర్ కింద పారదర్శకంగా ఉండే గిన్నెలో నీళ్లు గానీ మురికి గానీ ఉంటే అక్కడే తీసేయండి. బిల్జి, అంటే పడవ అడుగున నీళ్లు చేరే చోటు, గుడ్డతో పొడిగా తుడిచి బయల్దేరండి. పొడిగా ఉన్న బిల్జిలో చెంబెడు నీళ్లు చేరినా కంటికి కనబడతాయి.

లంగరు పైకి లాగే మోటారును విండ్లాస్ అంటాం, దాని బ్రేకర్ ఎక్కడుందో వెతికి చేత్తో ముట్టుకోండి. చాలా బోట్లలో అది ఏదో ఒక గెస్టు మంచం కింద ఉంటుంది, దాన్ని రాత్రి రెండింటికి మొదటిసారి వెతుక్కునే పరిస్థితి తెచ్చుకోకండి.

స్పేర్ పార్టుల్లో నేను ఎప్పుడూ రెండేసి పెట్టుకునేవి ఇంపెల్లర్లు (ఇంజన్‌ని చల్లబరిచే నీళ్లు తోసే పంపులోని రబ్బరు రెక్కల చక్రాలు), వాటి గాస్కెట్లు, రెండు రకాల డీజిల్ ఫిల్టర్లు, టాయిలెట్ పంపులో ఉండే జోకర్ వాల్వ్. ఒకటేసి చాలేవి బెల్టు, చిన్న బిల్జి పంపు. ఇంకా హోస్ క్లాంపులు, ఫ్యూజులు, ప్రతి సీకాక్ (పడవ గోడలోంచి పోయే నీళ్ల గొట్టాన్ని మూసి తెరిచే వాల్వ్) పక్కన తాడుతో కట్టిన మెత్తని చెక్క బిరడా. కొన్న పార్టు పెట్టె విప్పి పాతదానితో పక్కపక్కన పెట్టి చూసుకోండి. ఒకసారి ఒక దుకాణంలో కొన్న ఇంపెల్లర్ పెట్టె మీద నంబరు సరైనదే, లోపల ఉన్నది మాత్రం వేరే సైజు, ఆ సంగతి నాకు తెలిసింది ఆదివారం. ఆదివారం ఇక్కడ పార్టులు దొరకవు.

గెస్టులు ఎక్కాక లైఫ్ జాకెట్లు, రేడియో, మంటలార్పే సిలిండర్లు చూపించడం అందరూ చేస్తారు. దానికి నేను ఇంకో మాట కలుపుతాను: "ఈ వారంలో ఏదో ఒక వస్తువు మొరాయిస్తుంది. అప్పుడు ఏమైందో మీకు దాచకుండా చెబుతాను. నేను లేవమన్నప్పుడు లేవండి, కూర్చోమన్నప్పుడు కూర్చోండి, అంతే చాలు." మొదటిరోజే ఈ మాట చెబితే నాలుగో రోజు పంపు ఆగినప్పుడు ఎవరూ కంగారుపడరు. ముందుగా చెప్పకుండా పంపు ఆగాక చెబితే మాత్రం అదే పంపు పెద్ద విషయం అయిపోతుంది. ఆరుగురిలో ఒకరిని, కాస్త నిదానంగా ఉండే పెద్దవాళ్లని, నాకు రెండో చెయ్యిగా పెట్టుకుంటాను. వాళ్లకి అరగంట చుక్కాని పట్టడం నేర్పిస్తాను, రేడియోలో ఆపద పిలుపులకి వాడే ఛానల్ 16లో ఎలా పిలవాలో చూపిస్తాను. నేను జారి తల పగలగొట్టుకుంటే బోటును ఆపేవాళ్లు ఉండాలి కదా.

పిల్లలకి కూడా పని ఇస్తాను. ఎగ్జాస్ట్ నీళ్లు చూడడం వాళ్ల డ్యూటీ. పోయిన ఏడాది డాలస్ నుంచి వచ్చిన ఒక పాప, తొమ్మిదో పదో ఏళ్లుంటాయి, "అంకుల్, పడవ ఉమ్మడం ఆపేసింది" అని అరిచింది. వేడి అలారం మోగడానికి ముందే ఇంజన్ ఆపగలిగాను. ఆ పాప వల్ల ఇంజన్ నిలబడింది.

టాయిలెట్, అన్నిటికంటే ఎక్కువ పని పెట్టేది

ఇంజన్ గురించి భయపడతారు గానీ వారంలో ఎక్కువ గంటలు తినేది టాయిలెట్టే. పడవ టాయిలెట్ గొట్టం సన్నం, దారిలో వంపులు ఎక్కువ, పంపు దగ్గర, పోయింది వెనక్కి రాకుండా ఆపే ఒక రబ్బరు జోకర్ వాల్వ్. వెట్ వైప్ ఒక్కటి పడిందంటే అది అక్కడే చిక్కుకుంటుంది. పెట్టె మీద ఫ్లష్ చేయొచ్చని రాసి ఉన్నా సరే, పడవలో వద్దు. ప్రతి టాయిలెట్‌లో మూత ఉన్న చిన్న చెత్తడబ్బా పెట్టండి, కాగితం కూడా అందులోనే వేయమని సిగ్గుపడకుండా చెప్పండి. మనవాళ్లకి నీళ్లు వాడే అలవాటు ఉండడం ఇక్కడ మేలే చేస్తుంది, కాగితం తక్కువ పడుతుంది. మంచినీళ్లు మాత్రం ఎక్కువ ఖర్చవుతాయి, కాబట్టి చిన్న మగ్గు పెట్టి, అది చాలని చెబుతాను.

చేతి పంపు ఉన్న టాయిలెట్ అయితే కనీసం 15, 20 సార్లు కొట్టమనండి. గొట్టం పొడవునా మొత్తం పోవాలి, మధ్యలో ఆగితే అక్కడే గట్టిపడుతుంది. పంపు బిగుసుకుంటే మాత్రం బలవంతంగా కొట్టొద్దని ముందే గట్టిగా చెప్పండి. బలం ఉన్న మగవాళ్లు సాయం చేయాలనే ఇంకా గట్టిగా కొడతారు, అప్పుడు గొట్టం జాయింటు ఊడి ఆ గది మొత్తం పాడవుతుంది. మురుగు నిలవ ఉండే హోల్డింగ్ ట్యాంకుకి గాలి పోయే సన్నని గొట్టం మూసుకుపోయినా పంపు ఇలాగే బిగుసుకుంటుంది, ముందు అది చూడండి.

విప్పాల్సి వస్తే గెస్టులని ఆ చోటు నుంచి పంపేయండి. ఒడ్డు దగ్గర మూరింగ్ (లంగరు బదులు పడవను కట్టే, అడుగున పాతిన బోయా) మీద ఉంటే రెండో చెయ్యి మనిషితో కలిపి బీచ్‌కి పంపడం మంచిది. ఈత కొట్టనివ్వకండి, మీరు కింద తల పెట్టి ఉండగా నీళ్లలో ఉన్నవాళ్లని చూసేవాళ్లు ఉండరు, పైగా ట్యాంకు వాల్వ్ పొరపాటున తెరుచుకుంటే ఏమవుతుందో చెప్పనక్కర్లేదు. లోపలికి నీళ్లు తెచ్చే సీకాక్ మూసేయండి, బయటికి పోయేది కూడా. రెండు బకెట్లు, చేతి తొడుగులు, చెత్త సంచులు, వెనిగర్. పాత జోకర్ వాల్వ్ తీసి కడిగి మళ్లీ పెట్టడం దండగ, ఎలాగూ చెయ్యి పెట్టారు కాబట్టి కొత్తది వేసేయండి. పని అయ్యాక నేల కడిగి, కిటికీ తెరిచి, మీరు స్నానం చేసి బట్టలు మార్చుకున్నాకే గెస్టుల ముందుకి రండి. ఇది మర్యాద కోసమే కాదు, మీరే వాళ్లకి భోజనం వడ్డిస్తారు.

కరెంటు, నీళ్లు, గ్యాస్

12 వోల్టుల లెడ్ బ్యాటరీ నిండుగా ఉంటే 12.7 దగ్గర చూపిస్తుంది, 12.2కి వచ్చిందంటే సగం అయిపోయింది. అంతకంటే దిగనివ్వకండి. ఇంజన్ స్టార్ట్ చేసే బ్యాటరీ వేరుగా ఉండాలి, దాన్ని ఫ్రిజ్ కోసం ఎప్పుడూ కలపకూడదు. తెలుగు కుటుంబాలు వస్తే రైస్ కుక్కర్ తెస్తారు. 600 వాట్ల కుక్కర్ ఇన్వర్టర్ మీద పెడితే బ్యాటరీ నుంచి 50 ఆంపియర్లకి పైగా లాగుతుంది, 1500 వాట్ల హెయిర్ డ్రయ్యర్ 125 ఆంపియర్లు దాటుతుంది. ఆ లెక్క చెబితే ఎవరూ నొచ్చుకోరు, ఊరికే వద్దంటే నొచ్చుకుంటారు. అన్నం గ్యాస్ మీద గిన్నెలో వండుకోవడమే నయం.

గ్యాస్ విషయంలో మాత్రం నేను ఎవరి మాటా వినను. ప్రొపేన్ గాలి కంటే బరువు, కారితే బిల్జిలోకి దిగి అక్కడే ఉంటుంది, ఒక్క నిప్పురవ్వ చాలు. వండడం అయిన ప్రతిసారీ గ్యాస్ లైనును మూసే సొలినాయిడ్ స్విచ్ ఆపాలి. వాసన వస్తే ఏ స్విచ్చూ వేయకుండా, తీయకుండా, సిలిండర్ దగ్గర చేత్తో మూసేసి, అందర్నీ పైకి తెచ్చి, పైకప్పులో ఉండే తలుపులు, అన్ని హ్యాచ్‌లూ తెరవండి. జాయింట్లు సబ్బు నురగతో చూడండి. ప్రెషర్ కుక్కర్ పడవ కదులుతున్నప్పుడు స్టవ్ మీద ఎక్కించనివ్వను, పడవ ఊగితే ఊగే స్టవ్ అయినా సరే, అంత ఎత్తు, అంత బరువు, లోపల మరిగే పప్పు. మూరింగ్‌కి కట్టాక ఎన్ని విజిల్స్ అయినా రానివ్వండి. ఎండుమిరపకాయల తాలింపు కూడా అప్పుడే, నడుస్తుండగా మూసిన గదిలో తాలింపు వేస్తే దగ్గుతో మొదలై సగం మందికి వాంతుల దాకా వెళ్తుంది.

మంచినీళ్ల పంపు ఎవరూ ట్యాప్ తిప్పకుండానే మోగుతోందంటే ఎక్కడో కారుతోంది, లేదా ట్యాంకు ఖాళీ. ముందు పంపు బ్రేకర్ ఆపేయండి, లేకపోతే ఉన్న నీళ్లన్నీ బిల్జిలోకి పోతాయి. ఫ్రిజ్ పోతే ఐసు కొని పెట్టుకోవచ్చు, దానికి టెన్షన్ అక్కర్లేదు.

నడి చానెల్‌లో ఇంజన్ వేడెక్కితే

ఇక్కడి పెద్ద దీవి టోర్టోలాకీ, దక్షిణాన నార్మన్, పీటర్, సాల్ట్, కూపర్, జింజర్ దీవుల వరసకీ మధ్య సర్ ఫ్రాన్సిస్ డ్రేక్ చానెల్ ఉంది. చిన్నప్పుడు భూగోళం పుస్తకంలో చదివిన వ్యాపార పవనాలు ఇవే, తూర్పు నుంచి ఇంచుమించు ఏడాదంతా వీస్తాయి, మామూలుగా 15 నుంచి 20 నాట్ల వేగంతో, క్రిస్మస్ రోజుల్లో ఇంకా ఎక్కువ. తూర్పున ఉన్న వర్జిన్ గోర్డా దీవి వైపు వెళ్లాలంటే ఎదురుగాలి, అందుకని చాలామంది పెద్ద తెరచాప ఎత్తి ఇంజన్ కూడా వేసుకుని వెళ్తారు. నేనూ అలాగే వెళ్తూ కూపర్ దీవి దాటుతుండగా ఒకసారి వేడి అలారం మోగింది.

పడవలో తెనాలి నుంచి వచ్చిన ఒక పెద్దావిడ ఉన్నారు, కొడుకు దగ్గరికి అమెరికా వచ్చి అక్కడి నుంచి ఇక్కడికి. "బాబూ, ఇంజను ఆగిపోతే మనం ఎట్లా పోతాం?" అని అడిగారు. "ఇది తెరచాప పడవ కదండీ పిన్నిగారూ, గాలి ఉన్నంతసేపు మనం ఆగిపోము, ఇంజన్ ఒడ్డు దగ్గరకి వెళ్లాకే కావాలి" అన్నాను. ఆ మాట ఆవిడ కోసం చెప్పినా అసలు కిటుకు అదే. తెరచాప పడవలో ఇంజన్ ఆగడం ప్రమాదం కాదు, రాళ్ల పక్కన ఆగడం ప్రమాదం. అందుకే నేను ఇరుకైన చోట ఇంజన్ మీద వెళ్లేటప్పుడు కూడా పెద్ద తెరచాప కవర్ విప్పి ఎత్తడానికి సిద్ధంగా ఉంచుతాను, లంగరు పిన్ను తీసి ఉంచుతాను.

అలారం మోగగానే చేసింది ఇది. ఇంజన్ ఆపాను. పడవ ముందువైపు ఉండే తెరచాప విప్పి రాళ్ల నుంచి పక్కకి తిప్పి, చానెల్ మధ్యకి, గాలి మమ్మల్ని తోసే వైపు చాలా మైళ్ల ఖాళీ నీరు ఉండే చోటుకి తెచ్చాను. అక్కడ హీవ్ టూ చేశాను. ఇది నేర్చుకోకుండా గెస్టుల్ని ఎక్కించుకోకండి. ముందు తెరచాప తాడు వదలకుండానే పడవ ముక్కు గాలికి ఎదురుగా వచ్చి అవతలికి దాటేలా తిప్పాలి, ఆ తెరచాప వెనక్కి ఉబ్బుతుంది, అప్పుడు చుక్కాని చక్రాన్ని గాలి వచ్చే వైపుకి పూర్తిగా తిప్పి బిగించేసి, పెద్ద తెరచాప కాస్త వదులు చేయాలి. తెరచాప ఒక వైపు, చుక్కాని ఇంకో వైపు తోస్తాయి, పడవ దాదాపు ఆగిపోయి మెల్లగా పక్కకి జరుగుతూ ఉంటుంది, ఊపు తగ్గిపోతుంది. గంటకి ఒక మైలు, రెండు మైళ్లు జరుగుతుందనుకుని అంత ఖాళీ నీరు ముందే లెక్క వేసుకోవాలి. ఆ పిన్నిగారు పులిహోర డబ్బా విప్పారు. నేను కిందికి దిగాను, పైన చుట్టూ చూస్తూ ప్రతి పది నిమిషాలకి నాకు చెప్పే పని ఆవిడ కొడుకుది.

చూడాల్సిన క్రమం. సముద్రపు నీళ్లు లోపలికి వచ్చే సీకాక్ మూసి, నీళ్లు వడకట్టే స్ట్రైనర్ బుట్ట తీయండి. 2011 నుంచి కరీబియన్‌లో సార్గాసమ్ అనే సముద్రపు నాచు గుట్టలుగుట్టలుగా వస్తోంది, సగం సార్లు అదే బుట్టలో ఇరుక్కుని ఉంటుంది. బుట్ట శుభ్రంగా ఉంటే గొట్టం తీసి సీకాక్ కాస్త తెరవండి, నీళ్లు దూకుతూ రావాలి, రాకపోతే బయట నోటికి నాచో ప్లాస్టిక్ సంచో అడ్డం పడింది. అదీ కాకపోతే ఇంపెల్లర్. వేడిగా ఉన్న ఇంజన్ మీద కూలెంట్ మూత మాత్రం తీయకండి, ముఖం కాలిపోతుంది.

ఇంపెల్లర్ మూత విప్పేముందు కింద ఒక తువ్వాలు పరచండి. ఆ చిన్న స్క్రూలు బిల్జిలో పడితే అవే ఆ రోజు కథ అవుతాయి. పాత ఇంపెల్లర్ తీసి రెక్కలు లెక్కపెట్టండి. ఊడిన రెక్కలు ఎన్ని ఉన్నాయో అన్నీ దొరికేదాకా వెతకాలి, అవి ముందుకి కొట్టుకుపోయి ఇంజన్ వేడి లాగే హీట్ ఎక్స్‌ఛేంజర్ మొదట్లో కూర్చుంటాయి, వాటిని వదిలేసి కొత్తది వేస్తే రెండు రోజుల్లో మళ్లీ అలారం మోగుతుంది. కొత్తదానికి గిన్నెలు తోమే సబ్బు రాసి తిప్పుతూ నెట్టండి. సీకాక్ తెరవండి. ఇది మర్చిపోయి స్టార్ట్ చేస్తే కొత్త ఇంపెల్లర్ నిమిషాల్లో మాడిపోతుంది. నేను సీకాక్ మూసినప్పుడల్లా ఇంజన్ తాళంచెవి దాని పిడికి తగిలిస్తాను, తెరిస్తేనే తాళంచెవి చేతికొస్తుంది.

ఇంజన్ వేడెక్కకుండా, దానంతటదే తగ్గి తగ్గి ఆగిపోతే అది డీజిల్ సమస్య. ఇది ఎక్కువగా ఉత్తరాన ఉన్న అనెగడా దీవి దారిలో వస్తుంది. వర్జిన్ గోర్డా నుంచి అనెగడాకి సుమారు 12 నుంచి 15 మైళ్లు తెరిచిన సముద్రం, పెద్ద అలలకి ట్యాంకు అడుగున ఏళ్లుగా పడి ఉన్న మడ్డి లేచి ఫిల్టర్‌కి పడుతుంది. అనెగడా అత్యధిక ఎత్తు 28 అడుగులు, దీవి కంటే ముందు కొబ్బరిచెట్లు కనబడతాయి, పక్కనే హార్స్‌షూ రీఫ్ అనే పగడపు దిబ్బ, అక్కడికి దగ్గరవుతుండగా ఇంజన్ ఆగిందంటే తెరచాప మీద వెనక్కి, లోతైన నీళ్లలోకి తిరిగిపోండి. ఆ రోజు అనెగడా లేదు. లాబ్‌స్టర్ డిన్నర్ గురించి గెస్టులు బాధపడతారు, పడనివ్వండి. ఫిల్టర్లు మార్చి, డీజిల్ పంపు చేతి మీటతో కొడుతూ, గాలి వదిలే బ్లీడ్ స్క్రూ దగ్గర బుడగలు ఆగేదాకా గాలి తీయండి. ఒక సంగతి చాలామందికి తెలియదు: స్టార్టర్‌ను మళ్లీ మళ్లీ తిప్పుతుంటే సముద్రపు నీళ్ల పంపు నీళ్లు తోస్తూనే ఉంటుంది, ఎగ్జాస్ట్ వాటిని బయటికి ఊదలేదు, ఆ నీళ్లు నిండి వెనక్కి ఇంజన్‌లోకే పోతాయి. కాబట్టి ఎక్కువసేపు తిప్పాల్సి వస్తే సీకాక్ మూసి తిప్పండి, ఇంజన్ అందుకున్న క్షణం తెరవండి. తాళంచెవి అలవాటు ఈ ఒక్కసారికి పనికిరాదు, సీకాక్ పిడి మీద చెయ్యి వేసి ఒక మనిషిని కూర్చోబెట్టండి.

అసలు స్టార్టే కాకపోతే స్పానర్ తీసేముందు మూడు చూడండి: గేరు న్యూట్రల్‌లో ఉందా, ఇంజన్ ఆపే మీట లాగిన చోటే ఉండిపోయిందా, బ్యాటరీ స్విచ్ ఎవరైనా తిప్పారా. గదిలో లైటు స్విచ్ అనుకుని బ్యాటరీ స్విచ్ తిప్పిన గెస్టులు నాకు ఇద్దరు తగిలారు.

లంగరు, తాళ్లు, తెరచాపలు

మధ్యాహ్నం ఒంటి గంట, రెండు లోపు రాత్రి ఆగే చోటుకి చేరండి. ఏ రిపేరైనా వెలుతురులో చేస్తే సగం కష్టం తగ్గుతుంది, పైగా సీజన్‌లో మూరింగులు తొందరగా నిండిపోతాయి. మూరింగ్ పట్టుకున్నాక అద్దాలు పెట్టుకుని దూకి కింద తాడు, గొలుసు చూడండి. చలికాలంలో ఉత్తరం నుంచి పెద్ద అలలు వచ్చే రోజుల్లో కేన్ గార్డెన్ బే లాంటి ఉత్తరపు రేవుల్లో రాత్రి ఉండకండి.

విండ్లాస్‌తో పడవను లాగకూడదు. ఇంజన్‌తో మెల్లగా లంగరు వైపు వెళ్తూ వదులైన గొలుసును మాత్రమే అది ఎత్తాలి, అలా చేస్తే బ్రేకర్ పడదు. విండ్లాస్ పూర్తిగా చచ్చిపోతే, గొలుసుకి హుక్ తగిలించి తాడును వెనక తాళ్లు లాగే పెద్ద వించ్‌కి తెచ్చి కొంచెం కొంచెంగా లాగవచ్చు, గంట పడుతుంది, వస్తుంది. ఇద్దరు కుర్రాళ్లు ఉంటే చేత్తో లాగుతామంటారు, గొలుసు దగ్గర వేళ్లు పోతాయి, ఒప్పుకోకండి. రాత్రి లంగరు జారుతుంటే, ఇంజన్ పలకకపోతే, వెనక చోటుంటే ముందు ఇంకా గొలుసు వదలండి.

రివర్స్ వేసేముందు వెనక కట్టిన డింగీ (ఒడ్డుకి వెళ్లే చిన్న పడవ) తాడు దగ్గరికి లాగి పొట్టి చేయండి. ఎక్కువ పడవల్లో ప్రొపెల్లర్‌కి చుట్టుకునేది సొంత డింగీ తాడే. చుట్టుకున్న క్షణం న్యూట్రల్, ఇంజన్ ఆపండి, లంగరు వేయండి. దిగాల్సింది మీరే, తాళంచెవి మీ జేబులో పెట్టుకుని దిగండి. పళ్లున్న బ్రెడ్డు కత్తి దీనికి బాగా పనికొస్తుంది. అలలుంటే దిగకండి, పైకీ కిందికీ లేచే పడవ అడుగు తల మీద కొడుతుంది.

ముందు తెరచాప చుట్టుకోకుండా మొరాయిస్తే తాడును వించ్ మీద వేసి బలంగా లాగకండి. చాలాసార్లు తెరచాపను చుట్టే డ్రమ్ములో తాడు ఒకదాని మీద ఒకటి ఎక్కి ఉంటుంది, తెరచాప విప్పేటప్పుడు ఆ తాడును కాస్త బిగువుగా పట్టుకుని వదిలితే అసలు ఇది రాదు. గాలి పెరుగుతూ ఉంటే, ఏదీ కుదరకపోతే, ఇంజన్ మీద పడవను గుండ్రంగా తిప్పుతూ తెరచాపను దాని తీగ చుట్టూ చుట్టేయవచ్చు. చుక్కాని తీగ తెగి చక్రం ఊరికే తిరుగుతుంటే ఆటోపైలట్ వేసి చూడండి, చాలా బోట్లలో అది నేరుగా చుక్కానికే తగిలించి ఉంటుంది కాబట్టి పనిచేస్తుంది. చక్రం బదులు చుక్కానిని తిప్పే ఎమర్జెన్సీ టిల్లర్ ఎలా పెట్టాలో మాత్రం రేవులో ఒకసారి పెట్టి చూసుకోండి.

బిల్జిలో నీళ్లు కనబడితే వేలు ముంచి నాలుక మీద పెట్టండి. తియ్యగా ఉంటే మీ ట్యాంకు నీళ్లు, పంపు బ్రేకర్ ఆపి నిదానంగా వెతకండి. ఉప్పగా ఉంటే వెంటనే ప్రతి సీకాక్, ప్రొపెల్లర్ షాఫ్ట్ సీలు, చుక్కాని దగ్గర చూడండి, ఒకరిని చేతి పంపు దగ్గర కూర్చోబెట్టండి. ఎక్కడి నుంచో తెలియకుండా నీళ్లు పెరుగుతుంటే ఆగకుండా ఛానల్ 16లో పిలవండి. ప్రాణాపాయమైతే మేడే, కష్టంలో ఉన్నా వెంటనే ప్రాణం మీదికి రాకపోతే పాన్ పాన్. మీ స్థానం, ఎంతమంది, ఏమైంది, ఈ మూడూ నెమ్మదిగా చెప్పండి. ఇక్కడ విసార్ అనే స్వచ్ఛంద రెస్క్యూ సంస్థ ఉంది, పిలిస్తే వస్తారు. ముందుగా పిలిచి, తర్వాత అవసరం లేదని చెప్పడంలో తప్పేమీ లేదు.

గెస్టులకి ఏం చెప్పాలి

మూడు ముక్కలు చాలు. ఏది పాడైంది, ఏది బాగానే ఉంది, మళ్లీ ఎప్పుడు చెబుతాను. "ఇంజన్‌ని చల్లబరిచే నీళ్లు ఆగాయి. తెరచాపలు, చుక్కాని, రేడియో బాగున్నాయి. అరగంటలో ఎలా ఉందో చెబుతాను." అరగంటకి పని అవ్వకపోయినా పైకి వచ్చి ఇంకా అవ్వలేదని చెప్పాలి. ఆ మాట తప్పితే తర్వాత ఏం చెప్పినా నమ్మరు. నా మొదటి సీజన్‌లో ఒక ఫ్రిజ్ ఆగిన సంగతి ఒక రోజంతా చెప్పకుండా నెట్టుకొచ్చాను, పాలు విరిగి వాళ్లకే తెలిసింది, ఆ తర్వాత ఆ వారమంతా నేను ఏ చిన్న చప్పుడుకి తల తిప్పినా "ఏమైంది, నిజం చెప్పండి" అనేవాళ్లు. అందులో వాళ్ల తప్పు లేదు.

ప్లాను మారితే పోయినదాని బదులు ఏమిస్తారో అదే మాటలో చెప్పండి. అనెగడా పోతే, 1867 తుపానులో మునిగిన ఆర్ఎంఎస్ రోన్ ఓడ సాల్ట్ ఐలాండ్ పక్కన ఉంది, పైనుంచి స్నార్కెల్‌తో కూడా దాని భాగాలు కనబడతాయి, ఒక పూట అక్కడ గడుస్తుంది. నార్మన్ ఐలాండ్ గుహలు పిల్లలకి అంతకంటే ఇష్టం.

బేస్‌కి, అంటే చార్టర్ కంపెనీ రేవు ఆఫీసుకి, ఫోన్ మాత్రం గెస్టుల కంటే ముందు మీరే చేయండి, అదీ పొద్దున్నే, సాయంత్రం ఐదు దాటాక చేస్తే మెకానిక్ పడవ రేపటికి పోతుంది. ఎన్ని గంటలకి పాడైందో, ఏం చేశారో లాగ్‌బుక్‌లో రాయండి, ఫోటోలు తీయండి. చాలా కాంట్రాక్టుల్లో ఇన్ని గంటలు దాటి బోటు వాడలేకపోతేనే డబ్బు వెనక్కి అని ఉంటుంది, ఆ లెక్క రాసిపెట్టిన టైముని బట్టే తేలుతుంది. డబ్బు గురించి మీరు మాట ఇవ్వకండి, మీ చేతిలో లేనిది. ఆ గంటలు మాత్రం గెస్టులకి న్యాయంగా, నిమిషం తగ్గించకుండా రాయండి, వాళ్లు ఏడాదంతా దాచుకున్న సెలవులు అవి.

శనివారం పొద్దున గెస్టులు దిగాక, సామాను వ్యాన్ ఎక్కకముందే, వారంలో తాత్కాలికంగా కట్టినవన్నీ, టేపు చుట్టిన గొట్టం, కాలిన ఫ్యూజు బదులు పెట్టిన ఫ్యూజు, వాడేసిన ఇంపెల్లర్, ఒక కాగితం మీద రాసి బేస్ మెకానిక్ చేతికి ఇవ్వండి. ఫోన్‌లో చెప్తే అతను మరిచిపోతాడు, అతనికి ఆ పూట ఇంకో డజను బోట్లున్నాయి. తర్వాత బిల్జి తుడవడం మొదలుపెట్టండి, మధ్యాహ్నానికి వేరేవాళ్లు ఎక్కుతారు.